మౌనమ్మ మాటలు

"ఇది నీ గొంతేనా?" పెద్దసారు హెడ్‌ఫోన్స్ ఆమె ముందుకు తోశాడు.

వినక్కర్లేదు. ఆ గొంతు తనదే. ల్యాబులో అందరూ ఆమెకు పెట్టిన పేరు మౌనమ్మ. రోజంతా నోరు విప్పని మనిషి మాట్లాడుతూ దొరికిపోతే ఎవరికైనా నవ్వొస్తుంది. పెద్దసారుకు రాలేదు.

ఒంటరితనం మెదడును ఏం చేస్తుందో తేల్చే పరిశోధన అది. ఒక్కో ఎలుకకు చప్పుడు చొరబడని ఒక్కో చిన్న గది. మౌనమ్మ మేత, నీళ్ళు పెట్టి వచ్చేయాలి. పలకరిస్తే ఇక అది ఒంటరి ఎలుక కాదు. లోపలి శబ్దాలను మైకు పట్టుకుంటుంది. ఏ రికార్డింగు ఏ గదిదో వినేవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే ఎవరికి కావాల్సింది వాళ్ళకు వినిపిస్తుంది మరి! అందుకే వాటిమీద అంకెలే ఉంటాయి. ఆ అంకెల గుట్టు మౌనమ్మ ఒక్కతెకే తెలుసు.

"'ఇంట్లో బల్బు మాడిపోయింది, స్టూలు పట్టుకునే దిక్కు లేదు.' 'ఇవాళ నా పుట్టినరోజు. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నా.' ఏంటమ్మా ఇదంతా?"

సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. పక్క బల్లల దగ్గరివాళ్ళు విననట్టు నటిస్తున్నారు. వాళ్ళలో ఒక్కరూ ఏనాడూ ఆమెను టీకి రమ్మనలేదు.

"పాపం, ఆ ఎలుక ఎంత బెదిరిపోయిందో! నువ్వు వెళ్ళాక కూడా కిక్కురుమనలేదు."

"అది ఎప్పుడూ బదులు పలకదు సార్."

"పైగా ఆ మాటొకటి! మాట్లాడాలనిపిస్తే మనుషులే దొరకలేదా నీకు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్దసారు కాస్త మెత్తబడ్డాడు. "చూడమ్మా, ఇది బయటికి పొక్కితే మన ఫలితాలను నమ్మేవాడుండడు. ఇంతమంది కష్టం మట్టిపాలవుతుంది. నిన్ను ఇక్కడ ఉంచుకోవడం కూడా నా చేతుల్లో ఉండదు. నిజం చెప్పు, ఎన్ని ఎలుకలతో మాట్లాడావు?"

"ఎప్పుడూ ఆ ఒక్క గదిలోనే సార్. మిగతా గదుల్లో ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు."

"సరే. అది ఏ గదో చెప్పు. ఆ ఎలుకను లెక్కలోంచి తీసేద్దాం."

మౌనమ్మ కళ్ళు తుడుచుకుంది.

"తీసేయడానికి అందులో ఎలుక లేదు సార్, ఉత్త గది చప్పుడు ఎంతుంటుందో కొలవడానికి మనం ఖాళీగా వదిలేసిన గది అది."