వెనక చక్రం చప్పుడు

"పదకొండింటికి రైలు, మావా," అంది తాయారు.

జగ్గారావు అంబాసిడర్ టాక్సీ ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఎడమ పక్క జాకీ ఎత్తుతూనే ఉన్నాడు. ఆమె దగ్గరికొచ్చి అదే మాట గట్టిగా మళ్ళీ చెప్పింది.

"ఇనపడిందిలే. ఎల్లేవోణ్ని ఎల్లనీ."

వెళ్ళేవాడు కామరాజు, తాయారు ఒక్కగానొక్క తమ్ముడు. గాజువాకలో చిన్న మెకానిక్ షెడ్డు వాడిది. నెల కిందట బావ టాక్సీకి వెనక బేరింగులూ ఆయిల్ సీళ్ళూ వాడే మార్చాడు. వారం తిరక్కుండా జగ్గారావు చప్పుడొస్తోందన్నాడు. సన్నగా, కూతలా, ఎడమ పక్క నించి.

కామరాజు విప్పి చూశాడు. నడిపి చూశాడు. "బేరింగు సప్పుడైతే స్పీడుతో పాటు పెరగాల బావా. నువ్వేమో ఒక్కలాగే ఉంటందంటన్నావు. నాకైతే ఏటీ ఇనపడ్డం లేదు," అన్నాడు.

అంతే, జగ్గారావుకి తిక్క రేగింది. కొత్తదని చెప్పి పాత బేరింగు కడిగి వేశాడని టాక్సీ స్టాండులో పదిమంది ముందూ అనేశాడు. సొంత బావే అన్నాక లోకానికి వేరే సాక్ష్యం దేనికి? ఆ తర్వాత ఒక్క డ్రైవరూ ఆ షెడ్డు మొహం చూడలేదు. ఈ ఆదివారం వాడు షెడ్డుకి తాళం వేసి, పెళ్ళాం బిడ్డలతో రాయగడ వెళ్ళిపోతున్నాడు. అక్కడ ఎవరి దగ్గరో కూలికి చేరతాడట.

ఇవాళ పొద్దున్నే తాయారు కళ్ళు తుడుచుకుని మొగుడి ముందు నిలబడింది.

"నువ్వే నీ సేత్తో కొత్తది బిగించు. సప్పుడు పోతే మా తమ్ముడు దొంగే, పోనీ ఎదవని. పోకపోతే మాత్రం టేసనుకెళ్ళి, బతిమాలి ఎనక్కి తీసుకురావాల."

జగ్గారావు సరేనన్నాడు. తన చెవుల మీద అతనికి అంత నమ్మకం. టాక్సీ కొనకముందు పదహారేళ్ళు ఓడల పొట్టకి పట్టిన తుప్పు సుత్తితో కొట్టిన మనిషి. దెబ్బ చప్పుడు విని, రేకు ఎక్కడ పలచబడిందో చెప్పేవాణ్నని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

చక్రం ఊడింది. డ్రమ్ము ఊడింది. ఇరుసు బయటికి లాగితే నల్లటి ఆయిలు కింద పెట్టిన సత్తు గిన్నెలోకి కారింది. బేరింగు దించి, కిరసనాయిల్లో కడిగి, ఎండలో పట్టుకుని చూశాడు. గుండ్ల మీద గీత లేదు. వేలితో తిప్పితే మెత్తగా తిరిగింది.

తాయారు ముఖం వెలిగింది. "కొత్తదే కదేటి?"

"పైకలాగే ఉంటాది. రోడ్డెక్కితే గానీ దీని గుణం తెల్దు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి.

కొత్త బేరింగుకి ఇనప గొట్టం ముక్క ఆనించి, చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాడు. కొత్త సీలు ఆయిల్లో ముంచి దింపబోతే ఓ పక్కకి ఒరిగింది. ఒరిగిన సీలు ఆయిలుని ఆపదు. ఆయిలు బ్రేకు మీదికి పాకితే బండి ఆగదు. పీకి పారేసి ఇంకోటి వేశాడు. దానికే అరగంట పోయింది. తాయారు గుమ్మానికీ బండికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

"బేగి కానీ, మావా."

చక్రం బిగించేసరికి పది దాటింది. చప్పుడు తేల్చడానికి వాళ్ళుండే మల్కాపురం పనికిరాదు. రిఫైనరీ హోరు, ట్యాంకర్ల రొద అక్కడ పగలూ రాత్రీ ఒక్కటే. ఇద్దరూ బండెక్కారు. స్టేషన్ ఓ దిక్కు, వీళ్ళు వెళ్ళింది ఓ దిక్కు.

కూర్మన్నపాలెం దాటాక రోడ్డు ఖాళీ అయింది. తాయారు ఊపిరి బిగబట్టి వింది.

"ఏదీ సప్పుడు?"

జగ్గారావు తల ఎడమ పక్కకి వంచి విన్నాడు. కొత్త బేరింగు. కొత్త సీలు. తన చేత్తో బిగించినవే. అయినా సన్నగా, కూతలా, ఎడమ పక్క నించి.

"వస్తంది," అన్నాడు.

"అయితే తిప్పు బండి. టేసనుకి పద."

"నీకు ఇనపడ్డం లేదేటి?"

"లేదు."

"ఎందుకినపడతాది? తమ్ముడి మాటే అక్క మాటాను."

"మాటంటే మాటే, మావా. సప్పుడు పోకపోతే ఎల్లి తెస్తానన్నావు."

తెస్తానన్న మాట నిజమే. కానీ స్టాండులో తలెత్తుకునేదెలా? కుడి చక్రం చప్పుడే ఎడమ పక్క వినిపిస్తోందేమో. ఇంకో మైలు, ఇంకో మైలు అంటూ పోనిచ్చాడు. నెమ్మదిగా నడిపాడు. తొక్కి నడిపాడు. చప్పుడు పెరగలేదు, తగ్గలేదు.

తాయారు అతని చేతి వాచీ వంక చూసింది.

"పదకొండు దాటిపోనాది," అంది. ఈసారి ఆమె ఏడవలేదు. అది చూసి జగ్గారావుకి భయమేసింది.

కుడి చక్రం కూడా విప్పుదామని బండి పక్కకి తీశాడు. స్టీలు ప్లాంటు కోసం ఖాళీ చేయించిన ఊరది. తలుపులు, దూలాలు పట్టుకుపోగా మొండి గోడలు మిగిలాయి. మనిషి లేడు, కుక్క లేదు. గాలి కూడా ఆడటం లేదు. అతను తాళం తిప్పాడు.

చక్రాలు ఆగాయి, ఇంజను ఆగింది, జగ్గారావు చెవిలో ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.