లాభం, రెండు

విజయనగరంలో ప్రతి ఇంటి గోడకీ ఒక చెవి మొలిచి చాలా కాలమైంది. పిల్లలు ఏది నేర్చుకున్నా అది వింటుంది. ఆ చదువు వాళ్లకు పెద్దయ్యాక ఎంత గిట్టుబాటవుతుందో లెక్కగట్టి విశ్వవిద్యాలయానికి పంపుతుంది. గిట్టని చదువులు ఆపేస్తారు. పాటలు, బొమ్మలు అలాగే పోయాయి.

అప్పలనరసమ్మ వంటింటికి మాత్రం అక్కడి పరిశోధకుడే స్వయంగా వచ్చాడు. పేరు భానోజీ.

"మామ్మగారూ, ఏ బడిలోనూ రాని లాభం మీ మనవరాలికి రోజూ వంటవేళ వస్తోంది. అందుకే పాపను సాయంకాలం చదువుల కేంద్రానికి పంపకుండా మీ దగ్గరే ఉంచాం. ఇంతకీ ఏం నేర్పుతున్నారు?"

ఆమె కంగారుపడింది. "నానేటి నేర్పుతాను బాబూ? ఎసట్లోకి బియ్యం కొలుస్తాను. పిల్ల పక్కన కూకుంటాది."

"ఏదీ, కొలవండి."

సోలతో బియ్యం ముంచి, మనవరాలు హంసికతో కలిసి లెక్కపెట్టింది. "లాభం, రెండు..."

లాభం అన్న మాటకే గోడ మీది చెవి గణగణ మోగింది.

భానోజీ తెల్లబోయాడు. "ఒకటేదీ?"

"కొలిచినప్పుడు ఒకటనకూడదు బాబూ. లాభం అనాల."

అతను తల పట్టుకుని పీట మీద కూలబడ్డాడు. "చెవిది తప్పు లెక్కని రాస్తే రేపట్నుంచి పాపను కేంద్రానికి పంపేస్తారు మామ్మగారూ."

తను చేసిన తప్పేమిటో ఆమెకు అంతుపట్టలేదు. నాయనమ్మ కొంగును హంసిక గట్టిగా పట్టుకుంది. అతను రాయడమూ లేదు, లేవడమూ లేదు. ఆకలేమో అనుకుందామె.

"తినెళ్దువు గాని బాబూ," అంటూ అతని కోసం మళ్లీ సోల ముంచింది.

ఈసారి "లాభం" అన్నవాడు భానోజీ.