తాడు చివరి మనిషి

“పిండండి మాస్టారూ! ఇంకా గట్టిగా!”

“పిండుతూనే ఉన్నా! ఇదేమన్నా తడిబట్టా తల్లీ, పిండగానే కారడానికి?”

డ్రిల్లు మాస్టారి మెడ నరాలు లేచాయి. కనుబొమలు లేచాయి. కుడికాలు కూడా కాస్త లేచింది. పిడికిలి బలం కొలిచే యంత్రంలో ముల్లు మాత్రం లేవలేదు. ఆయన పట్టుదలలో ‘పట్టు’ ఎప్పుడో జారిపోయింది. మిగిలింది ‘దల’. దాని మీదా ఏమీ మిగల్లేదు.

పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ అంకె రాసుకుని నిట్టూర్చింది. ఆరు నెలల కిందట ఇరవై ఎనిమిది కిలోలు. ఇవాళ ఇరవై ఏడు.

“మందు పనిచేస్తోందమ్మా!” అన్నాడు మాస్టారు చెయ్యి విదిలించుకుంటూ. “నాకు లోపల తెలుస్తోంది. నరనరానా కుర్రతనం కుతకుతలాడుతోంది.”

“మీరు మెట్లెక్కి రావడానికి పావుగంట పట్టింది సార్.”

“లిఫ్టు పాడైతే నా తప్పా? ప్రతి అంతస్తులో ఆగి, గోడల మీద బొమ్మలు చూసుకుంటూ వచ్చాను. మా ఆవిడకు అంత కళాపోషణ లేదు. ముందే వచ్చేసి నా పేరు రాయించింది.”

ఆవిడ మూల బెంచీ మీద కూర్చుని ఉంది. మాస్టారి ఆటచొక్కాకు ఊడిన గుండీ కుట్టాలి. కళ్ళజోడు కోసం సంచీలో వెతికింది. దొరక్కపోతే అలాగే సూదిలో దారం ఎక్కించేసింది. ఆవిడ కాళ్ళ దగ్గర ముప్పై కిలోల మోకు చుట్ట ఉంది.

ఆ మోకుకో కథ ఉంది. రిటైరైన టీచర్ల తాడులాగుడు జట్టులో ఇరవై ఏళ్ళుగా తాడు చివరి మనిషి మాస్టారే. నడుముకు తాడు చుట్టుకుని నిలబడితే స్తంభం. పోయినేడు రిటైరైన బ్యాంకువాళ్ళు ఆ స్తంభాన్ని బురదలో గీత దాకా ఈడ్చుకుపోయారు. “ఒంటి వయసు తగ్గిందని డాక్టరు కాగితం తే. లేదంటే నీళ్ళ సీసాలు మొయ్యి” అని తేల్చేశాడు జట్టు నాయకుడు లెక్కల మాస్టారు. ఆదివారమే పోటీ. కాగితం చేతికి రాగానే నేరుగా మైదానానికి పోదామని మోకు తెచ్చుకున్నారు. తాడోపేడో ఇవాళే తేలాలి.

“అసలీ మందేం చేస్తుందో మా ఆవిడకు మళ్ళీ చెప్పు తల్లీ” అన్నాడు మాస్టారు. “కొత్తదంటే చాలు, తనకు అనుమానం. కొత్త కుర్చీ కొంటే ముందు తనే కూర్చుని చూస్తుంది. కొత్త కుక్కరు కొన్న రోజు నన్ను వీధిలో నిలబెట్టి, తనొక్కతే వంటింట్లో ఉండి కూత పెట్టించింది. నా ప్రాణమంటే అంత ప్రాణం!”

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. “ఒంట్లో కొన్ని కణాలు ముసలివైపోతాయండీ. పనిచెయ్యవు, పోవు. పక్కవాటినీ చెయ్యనివ్వవు.”

“మా స్కూలు హెడ్ క్లర్కు!” అన్నాడు మాస్టారు.

“ఈ మాత్ర వాటిని ఇంటికి పంపిస్తుంది. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక ముసలి ఎలుక బోను తలుపు ఊడబెరుక్కుని పోయింది.”

సూది ఆగింది. “దానికేం ప్రమాదం కాలేదు కదమ్మా?” అంది ఆవిడ.

“ఎలుకకేం కాలేదండీ. పిల్లికే మూడు కుట్లు పడ్డాయి.”

తర్వాత కుర్చీ పరీక్ష. అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటే అన్ని మార్కులు. అప్పట్లో పదకొండు. ఇవాళ తొమ్మిది, అందులో చివరిసారి లేవడంలో డాక్టరమ్మ వాటా సగం.

మాస్టారు రొప్పుతూ నీళ్ళ సీసా అందుకున్నాడు. మూత రాలేదు. డాక్టరమ్మ ప్రయత్నించింది, ఆమెకూ రాలేదు. ఆవిడ రెండు వేళ్ళతో తిప్పి ఇచ్చింది.

“మీరిద్దరూ ముందే వదులు చేశారుగా” అంది.

“సార్, మాత్రలు మాత్రం మానలేదు కదా?”

“ఒక్క పూట కూడా! పొద్దున్నే మా ఆవిడ చేతిలో పెట్టడం, నేను మింగడం. ఇదిగో ఖాళీ సీసా. మందంటే అలా ఉండాలమ్మా, పిప్పరమెంటు బిళ్ళలా చల్లగా, తియ్యగా!”

రుచి సంగతి డాక్టరమ్మ చెవిన పడలేదు. ఆమె చూపంతా సీలు వేసిన కవరు మీదుంది. “మీకిచ్చింది అసలు మందో, ఉత్తుత్తి మాత్రో నాకూ తెలియదు. ఇందులో ఉంది.”

“ఉత్తుత్తిదే!” అన్నాడు మాస్టారు. “నాకు మొదట్నుంచీ అనుమానమే!”

“ఇందాక నరనరానా...”

“కుతకుత అన్నాను. అది ఆకలి.”

ఆమె కవరు చించింది. చదివింది. కుర్చీలో కూలబడింది.

“అసలు మందే సార్. రక్తపరీక్షలో మీ ఒంటి వయసు అరవై ఆరు నుంచి అరవై ఏడైంది. ఆరు నెలల్లో ఏడాది ముదిరారు. నా ఎనిమిదేళ్ళ కష్టం! ఈ సాయంత్రంతో పరిశోధన మూసేస్తారు.” కలం మూత తీసి, ఫైలు మీద ‘పనిచేయదు’ అని రాయడం మొదలుపెట్టింది.

“ఏడవకు తల్లీ” అన్నాడు మాస్టారు తనే ఏడుపు గొంతుతో. “మందు మంచిదే. మనిషే మందం. పదవే, నీళ్ళ సీసాలు మోద్దాం.”

ఆవిడ దారం తెంపి లేచింది. మోకు చుట్టను తువ్వాలులా భుజాన వేసుకుంది.

“ఆరు నెలలు వరసగా వేసుకున్నా మనిషికి హాని లేనట్టేగా అమ్మా?”

“హాని లేదు, లాభమూ లేదు.”

“అయితే ఇంకో సీసా ఇవ్వమ్మా.”

“పనిచెయ్యని మందు ఎందుకండీ?”

“ఇక ఈయనకు మొదలుపెడతాను.”