ఫోనులో ప్రార్థన

"గుండె మీద ఫోనేంటండీ? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

స్ట్రెచర్ మీద పడుకున్న భర్త ఛాతీ మీంచి ఆనందకుమారి ఫోను లాగేసుకుంది. అంద్రెయ నవ్వబోయి ఊరుకున్నాడు. ఆయన గుండెను నడిపిస్తున్న పేస్‌మేకర్‌లో బ్యాటరీ అడుగంటింది. ఇంకాసేపట్లో లోపలికి తీసుకెళ్ళి కొత్తది అమరుస్తారు. జనక్‌పురిలోని ఆ ఆస్పత్రిలోనే ఆనందకుమారి ఐసీయూ సిస్టర్. మిషన్ల దగ్గర ఫోను తీసినవాడు పెద్ద డాక్టరుగారి బావమరిదైనా సరే, ఆవిడ నోట్లో పడ్డాడంటే వాడి పని అయిపోయినట్టే.

"ఏం కాదులే కుమారీ," అన్నాడు అంద్రెయ నీరసంగా. "అందరూ లైన్లోకి వచ్చారా?"

ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా చిన్న ఇంజెక్షన్ కూడా పడదు, ఇది ఆపరేషన్. నరసాపురం నుంచి పాస్టరుగారు, బెంగళూరు నుంచి కూతురు అనుగ్రహ అప్పుడే కాన్ఫరెన్స్ కాల్లోకి వచ్చేశారు. రావాల్సింది కొడుకు ఇవానే. గుర్‌గావ్‌లో ఆఫీసు నుంచి బయల్దేరాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"మమ్మీ, వచ్చేస్తున్నా. నేనే చేస్తా, తర్వాత."

"తర్వాతేంట్రా? డాడీని తీసుకెళ్ళిపోతుంటే! ఎందులో వస్తున్నావు?"

ఒక్క క్షణం ఆగి, "క్యాబ్‌లో," అన్నాడు.

ఈ కంగారులో కారు తియ్యొద్దని పొద్దున చెప్పింది ఆవిడే. మాట విన్నాడు కదా అని మనసు కాస్త కుదుటపడింది.

"ఇంకేం మరి? ఖాళీగా కూర్చునేవాడివే కదా. పాస్టరు అయ్యగారు ఎదురుచూస్తున్నారు, ప్రార్థనలో ఉండు."

"అభీ నహీ మమ్మీ, ఇప్పుడొద్దు, ప్లీజ్..."

"డ్రైవరు వింటాడని సిగ్గా? కన్నతండ్రి కోసం ప్రార్థన చేయడానికి సిగ్గేంట్రా నీకు?"

అవతల హారన్లు మోగుతున్నాయి. "ఠీక్ హై. మొదలుపెట్టండి."

"కిటికీలోంచి దిక్కులు చూడ్డం కాదు. కళ్ళు మూసుకో."

"మూసుకున్నా."

ఆవిడ నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ ప్రార్థనలో ఒక కన్ను తెరిచి చూసే రకం వాడు. "డాడీ కోసంరా ఇవాన్. ఈ ఒక్కసారికి నా మాట విను," అంది. ఆవిడకు ఏడుపొచ్చేసింది.

"మూసుకున్నా మమ్మీ. ఏడవకు," అన్నాడు. ఈసారి నమ్మింది.

పాస్టరుగారు మొదలుపెట్టారు. ఆయన రెండు ముక్కల్లో ముగించే మనిషి కాదు. డాక్టర్ల చేతులను దీవించమన్నారు. దారిలో ఉన్న బిడ్డకు తోడుగా ఉండమన్నారు. మధ్యలో ఎవరి లైన్లోనో పెద్ద చప్పుడై గరగరలాడింది. ఆనందకుమారి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడుస్తూనే ఉంది. ఆయన్ని పోగొట్టుకుంటానేమోనన్న భయం తప్ప ఆవిడకు ఇంకేమీ తెలియడం లేదు.

"ఆమేన్," అన్నాడు అంద్రెయ. "ఆమేన్," అంది అనుగ్రహ. ఇవాన్ గొంతు మాత్రం వినపడలేదు. మధ్యలోనే పెట్టేసుంటాడు, రానీ చెబుతాను వాడి పని అనుకుంది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి.

డాక్టరు బయటికొచ్చేదాకా ఆవిడ కుర్చీలో కూర్చోలేదు.

"సబ్ ఠీక్ హై, సిస్టర్," అన్నాడాయన మాస్కు తీస్తూ. "గుండె చక్కగా కొట్టుకుంటోంది."

ఆవిడ గోడకు ఆనుకుంది. స్తోత్రం, స్తోత్రం అనుకుంటూ ముందుగా ఇవాన్‌కే ఫోను చేసింది. ఎత్తింది ఎవరో మగమనిషి, హిందీలో మాట్లాడాడు. పోలీసు కానిస్టేబులట.

"ద్వారకా దగ్గర ఆగి ఉన్న ట్రక్కును ఈ కారు వెనక నుంచి గుద్దేసింది మేడమ్. కనీసం బ్రేకు కూడా వెయ్యలేదు. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు."

ఆనందకుమారికి ముందు ఆ క్యాబ్ డ్రైవరు మీద ఒళ్ళు మండింది. ఆ వెంటనే, ఏ తల్లి కన్న బిడ్డో అని జాలేసింది. ఆ జాలి కూడా ఎంతోసేపు నిలవలేదు.

"మా అబ్బాయి ఎలా ఉన్నాడు భయ్యా? వెనక సీట్లో ఉన్నాడే, వాడు?"



"వెనక సీట్లో ఎవరూ లేరు మేడమ్. కారులో ఉన్నది అతనొక్కడే."