రెండో సీసా

“అవి బతికుండాయా, చచ్చినాయా? అది చెప్పు మేడమ్.”

పద్మప్రియకు నవ్వూ విసుగూ ఒకేసారి వచ్చాయి. పొద్దున్నే కదిరి దగ్గరి పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన రామాంజినమ్మ, అనంతపురంలోని ఆ కాలేజీ ల్యాబ్ గుమ్మం వదలడం లేదు.

“చూడమ్మా, మీ ఊరి ట్యాంకు నీళ్ళలో బ్యాక్టీరియా డీఎన్‌ఏ దొరికింది. నీళ్ళు బాగాలేవని రిపోర్టు ఇచ్చేశాం.”

“చచ్చినదాంట్లో ఆ డీఎన్‌ఏ ఉండదా?”

“ఉంటుంది. చాలా రోజులుంటుంది.”

“అదే కదా నేను చెప్తాండేది! చచ్చిన కోడికీ ఈకలుంటాయి. కూతే ఉండదు.”

పద్మప్రియ పెన్ను కింద పెట్టింది. నాలుగేళ్ళుగా ఈ పాఠం చెబుతోంది గానీ, ఇంత తేలిగ్గా ఒక్కసారీ చెప్పలేకపోయింది.

“ఆ కూత లాంటిదే ఆర్‌ఎన్‌ఏ. ప్రాణం పోయిన కొన్ని గంటలకే చెదిరిపోతుంది. నీళ్ళు పట్టిన వెంటనే గడ్డకట్టించి దాచిన రెండో సీసా ఉంది, చూడొచ్చు. కానీ నీకెందుకింత పట్టు?”

“నీళ్ళు వదిలే తిప్పేష్ బ్లీచింగ్ కలపలేదని ఊరంతా అంటాండారు. ఆయప్పేమో దినామూ కలిపినానంటాడు. రేపు పనిలోంచి తీసేస్తారంట. పురుగులు చచ్చింటే కలిపినట్లే కదా?”

“కలిపినట్టే. బిడ్డకు వాంతులయ్యాయని ఎవరో కంప్లైంటు ఇస్తే, గంటలోపే మావాళ్ళు వచ్చి నీళ్ళు పట్టారు. ఆలోపు కొత్తగా కలిపి తప్పించుకునే వీల్లేదు.”

“ఆ బిడ్డకు పెండ్లిలో తినింది పడలేదంట. ఇప్పుడు బాగుండాది.” రామాంజినమ్మ ఒకడుగు లోపలికి వేసింది. “పని పోతే ఇద్దరు పిల్లోల్లను పెట్టుకోని యాడికి పోవల్ల మేడమ్?”

పద్మప్రియ ఇక వాదించలేదు. మిషన్ నడిచినంతసేపూ రామాంజినమ్మ తెచ్చుకున్న సద్ది విప్పలేదు, టీ ఇస్తే వద్దంది. సాయంత్రం నాలుగింటికి తలుపు తెరుచుకుంది.

“ఒక్కటీ బతికి లేదమ్మా! తిప్పేష్ చెప్పింది నిజమే. కొత్త రిపోర్టు ఇప్పుడే మీ పంచాయతీకి పంపుతున్నా.”

రామాంజినమ్మ గోడకు చేరగిలబడి బోరున ఏడ్చింది. పద్మప్రియకూ కళ్ళు చెమర్చాయి. భర్త కోసం ఇంత తాపత్రయపడే మనిషిని చూసి ఆమెకు చాలా సంతోషం వేసింది.

“ఇంక ఏడవకు. ఇంటికి పోయి మీ ఆయనకు ఈ మాట చెప్పు.”

“తిప్పేష్ నాకేమీ కాడు మేడమ్.”

“మరి?”

రామాంజినమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఆయప్ప మీద కంప్లైంటు ఇచ్చింది నేనే.”