కన్నాల ఇస్త్రీపెట్టె

"భయ్యా, దాన్ని వెల్లకిలా పెట్టు," అన్నాడు హనుమయ్య, లక్ష్మీ నగర్‌లో కరెంటు సామాన్ల కొట్టులో.

కొట్టువాడు స్విచ్ వేసి చూపిస్తున్న ఇస్త్రీపెట్టెని అలాగే పెట్టాడు. హనుమయ్య సంచిలోంచి గిన్నె తీసి, కాలుతున్న స్టీమ్ ఇస్త్రీపెట్టె మీద గరిటెడు దోసెపిండి పోశాడు.

"అడుగున ఈ కన్నాలేంట్రా? పిండి కారిపోదూ?" అన్నాను.

ఏం చేస్తాం? మేమిద్దరం అద్దెకుండే గదిలో స్టవ్ కనిపిస్తే సామాను వీధిలో పడేస్తానంది మా ఓనరు కమలా ఆంటీ. ఇస్త్రీపెట్టెకి మాత్రం ఒప్పుకుంది. మా పాతది నిన్న ఊతప్పంతో కాలిపోయింది.

"అచ్ఛా, ఇదా మీ ఇస్త్రీ?"

తిరిగి చూస్తే కమలా ఆంటీ. గది పోయిందనుకున్నాం.

ఆంటీ దోసె అంచు తుంచి నోట్లో వేసుకుంది.

"మొన్న మీ పాతదాంతోనే చీర ఇస్త్రీ చేసుకుని పెళ్లికెళ్లాను. అందరూ నన్నే సాంబార్ ఎక్కడని అడిగారు."

మేం తలలు దించుకున్నాం.

"కన్నాలదే తీసుకోండి బేటా," అంది ఆంటీ. "ఆవిరికి ఇడ్లీ కూడా ఉడుకుతుంది."