పాత పేరు

"ఆమె మెట్లు దిగేలోపు ఆమె ఫోల్డరు మన సర్వర్ మీద కనిపించకూడదు. తుడిచెయ్," అన్నాడు మేనేజరు, గదంతా వినాలనే.

సర్వర్లు చూసే పెద్దాయన తల ఊపి కీబోర్డు దగ్గరికి జరిగాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. ఆఫీసు అమ్ముకునే ప్రోగ్రాం రాసిన ఆమె చేసిన నేరమల్లా సెలవు రోజు పనికి రాననడం, మిగతావాళ్లనీ రావద్దనడం. ఉద్యోగం ఊడింది. ఆమె తన టీ కప్పు సంచిలో వేసుకుని, బాబాయ్ వైపు ఓసారి చూసి, నింపాదిగా దిగిపోయింది.

కాసేపటికే ప్రోగ్రాం కొనేవాళ్లు వచ్చి కూర్చున్నారు. మేనేజరు మీట నొక్కాడు. తెర మీద ఒకటే ముక్క: లైబ్రరీ దొరకలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

మేనేజరు పరుగున కిందికి వచ్చాడు. గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్న ఆమెను ఆపి, పోతూ పోతూ ఏం చేసి పోయావని గద్దించాడు.

ఆమె తొణకలేదు. ప్రోగ్రాం మొదలవగానే తనకు కావలసిన కోడ్ ఉన్న ఫైలును, అదే లైబ్రరీని, వెతుక్కుంటూ పోతుందని, ఎక్కడికి పోవాలో ఆ రెంటినీ కలిపి లింక్ చేసేటప్పుడే దాని కడుపులో రాసేస్తారని విడమరిచి చెప్పింది.

"అందులో ఉన్నది నా ఫోల్డరు దారి. అలా వద్దు, ప్రోగ్రాం ఎక్కడుంటే అక్కడే పక్కన వెతుక్కునేట్టు మారుస్తానని మొత్తుకున్నాను. నడిచేదాన్ని కెలకొద్దన్నది మీరే."

మేనేజరు గొంతు దిగింది. "ఇప్పుడు నడిపించగలవా?"

"ఉద్యోగంలో ఉంటే నడిపిస్తా. సెలవు రోజు సెలవే, అందరికీ. ఆ మాట నాతో కాదు, పైన అందరి ముందూ చెప్పండి."

తుడిచేసిన ఫోల్డరు ఎక్కణ్ణుంచి తెస్తావన్నాడు. అది తన తంటా అంది.

పైన కుర్చీలు జరిగిన చప్పుడైంది. కొనేవాళ్లు లేస్తున్నారు. మేనేజరు రెండేసి మెట్లు ఎక్కి, గది మధ్యలో నిలబడి, ఆమె ఉద్యోగం ఉందన్నాడు. ఇకమీదట సెలవంటే సెలవేనన్నాడు. నీళ్లు నములుతూనే అన్నా, అందరికీ వినపడింది.

వెనకాలే వచ్చిన ఆమె కుర్చీ లాగలేదు, కీబోర్డు ముట్టలేదు. సంచిలోంచి కప్పు తీసి తన బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, ఇక నా ఫోల్డరుకి పాత పేరే పెట్టెయ్."